గుడ్డి పరిణామం మనల్ని కన్నదంటే, మన బతుక్కి అర్థం ఎక్కడిది?

కొబ్బరితోట | ఆదివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నాన్నగారి పెద్దకర్మ అయ్యి నాలుగు రోజులైంది. ఈపాటికి హైదరాబాదు వెళ్ళిపోవాల్సినవాణ్ణి, తోటకి నల్లతల పురుగు తగిలిందని ఆగిపోయాను. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో ఆ పురుగుని చంపే బదనికలు (చిన్న కీటకాలు) పెంచి రైతులకి ఇస్తారు కదా, అవి తెచ్చి వదలడం నాన్నకి ఏళ్ళ తరబడి అలవాటు. ఈసారి నేను తెచ్చాను.

ఒక మట్ట కోయించి నీడలో పెట్టుకుని మా అమ్మాయీ నేనూ కూర్చున్నాం. ఆకు అడుగున ఆ పురుగు తన రెట్టనీ పట్టుదారాన్నీ కలిపి సొరంగంలా గూడు కట్టుకుంటుంది. పుల్లతో గూడు కాస్త విప్పి, గాజు గొట్టం మూతికి పెట్టిన దూది తీశాం. చీమంత నల్లటి ప్రాణి బయటికొచ్చింది. కందిరీగల జాతిదట. మీసాలతో తడుముకుంటూ వెళ్ళి గూట్లో దూరి పురుగుని కుట్టింది. పురుగు రెండుసార్లు మెలితిరిగింది, తర్వాత కదల్లేదు. చావలేదు, కదలిక మాత్రం పోయింది. మర్నాడు చూస్తే దాని ఒంటిమీద సన్నటి తెల్లటి గుడ్లు. తల్లి వాటిని వదిలి వెళ్ళలేదు, అక్కడే కాపలా ఉంది. ఆ గుడ్లు పగిలి పిల్లలు ఆ పురుగునే తింటాయి.

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. చాలాసేపు చూసి అడిగింది. "నాన్నా, ఇది ఇలా ఉండాలని ఎవరూ అనుకోలేదు. మనమూ అలాగే వచ్చామని మా పుస్తకంలో ఉంది. మరి తాతయ్య అన్నేళ్ళు బతికాడు, దానికి అర్థం ఏంటి?"

నాకు మాట రాలేదు. మట్ట తీసుకెళ్ళి చెట్టు మొదట్లో పెట్టి వచ్చేశాను.

ఓదార్పు మాటలు వద్దండి, ఈ పదిహేను రోజుల్లో చాలా విన్నాను. మీరు లోపల ఏమనుకుంటున్నారో అదే చెప్పండి.


రొయ్యలచెరువు | ఆదివారం, రాత్రి 10:05

అన్నగారూ, నాన్నగారి సంగతి విని బాధేసిందండి. మాది భీమవరం పక్క. వనామీ రొయ్య వేస్తాను. చదువు టెన్త్‌తోనే ఆగిపోయింది కాబట్టి చూసిందే చెప్తాను.

మూడేళ్ళ కిందట పంట బాగా లేచింది. ఇంకో నాలుగు వారాలైతే పట్టుబడి. ఓ రోజు పొద్దున్నే చెక్‌ట్రే ఎత్తితే వేసిన మేత వేసినట్టే ఉంది. గట్టు వార రొయ్యలు పైకి తేలి నీరసంగా తిరుగుతున్నాయి. ఒకదాని తల మీద పెంకు ఊడదీసి ఎండకి పట్టి చూశాను. తెల్లటి చుక్కలు. వైట్‌స్పాట్. వారం తిరక్కుండా చెరువు పోయింది. మా ఆవిడ దిష్టి అంది. మా బావ ఏరేటర్ పెట్టిన మూల మంచిది కాదన్నాడు. నేను మాత్రం ఎవరి ఉసురు తగిలిందా అని గట్టు మీద కూర్చుని ఆలోచించేవాణ్ణి.

ల్యాబులో పనిచేసే అమ్మాయి ఒకటే మాట చెప్పింది. "వైరస్‌కి మీరెవరో తెలీదండి. దానికి రొయ్య సంగతీ తెలీదు. అంటుకోగలిగిన చోట అంటుకుంటుంది, అంతే." ఆ మాటకి ఆ రోజు ఒళ్ళు మండింది. తర్వాత మాత్రం నిద్ర పట్టింది.

నాదొక్కటే ప్రశ్న. అర్థం అంటున్నారు, ఎవరికి అర్థం? చెరువుకి లేదు, వైరస్‌కి లేదు. నాకు మాత్రం ఆ చెరువు మా పిల్ల కాలేజీ ఫీజు, మా నాయన వైద్యం. దాన్ని లేదని ఎలా అంటాం?


ఖాళీ_కాగితం | ఆదివారం, రాత్రి 11:48

అది అర్థం కాదు సార్, అవసరం. రొయ్యకి మేత ఎంత అవసరమో మీకు ఫీజు అంత అవసరం. రెంటికీ పేర్లు వేరు.

కొబ్బరితోట గారూ, ఓదార్పు వద్దన్నారు కాబట్టి సూటిగా రాస్తున్నాను. మీ అమ్మాయి సరిగ్గా చూసింది. ఎవరూ అనుకోలేదు, ఎవరూ చూడటం లేదు, ఏదీ మిగలదు. దీనికి తర్వాత ఎన్ని మాటలు చేర్చినా అది మనకి మనం చెప్పుకునే కథే.


పచ్చబోర్డు | సోమవారం, ఉదయం 6:15

నేను ముప్ఫై రెండేళ్ళు ప్రభుత్వ పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పాను. ఉండేది పెనుగొండ దగ్గర. ముందు "గుడ్డి" అనే మాట సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఆ ఒక్క మాట దగ్గరే పిల్లలు తడబడటం ఏటా చూశాను.

ఉత్పరివర్తనాలు, అంటే జన్యువుల్లో వచ్చే మార్పులు, యాదృచ్ఛికం, నిజమే. జీవికి ఏది కావాలో చూసుకుని అవి రావు. కానీ ఏది నిలుస్తుంది, ఏది పోతుంది అన్నది యాదృచ్ఛికం కాదు. ఇది పుస్తకంలో కంటే మన చేలో బాగా కనిపిస్తుంది. అడవి వరి గింజ పండగానే రాలిపోతుంది. రాలితేనే దానికి సంతానం. వేల ఏళ్ళ కిందట చైనాలో యాంగ్జీ లోయలో గింజలు ఏరుకున్నవాళ్ళ చేతికి, రాలకుండా కంకికే అంటుకున్న గింజలు ఎక్కువగా దొరికాయి. ఇంటికొచ్చినవి అవే. మళ్ళీ చల్లినవీ అవే. "రాలని వరిని తయారు చేద్దాం" అని ఎవరూ కూర్చుని అనుకోలేదు. అయినా తయారైంది. ఆ వరసలోనే, ఈసారి మనిషి కావాలని చేసిన ఎంపికతో, మా పక్కనున్న మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో 1982లో స్వర్ణ వంగడం వచ్చింది, ఎంటీయూ 7029. ఎంటీయూ అంటే మార్టేరే. గుడ్డి ఎంపికా, కళ్ళున్న ఎంపికా ఒకే కంకిలో ఉన్నాయి. అన్నం తినేటప్పుడు ఏ గింజ దేనివల్ల వచ్చిందో విడదీయలేం.

ఇంకొకటి. పరిణామం విశ్వాన్ని మలచలేదు. నక్షత్రాలకీ నదులకీ సంతానం లేదు, వారసత్వం లేదు. తనలాంటి దాన్ని కనగలిగింది పుట్టాకే పరిణామానికి పని. అంటే అది విశ్వంలో ఒక మూల, ఆలస్యంగా మొదలైన వ్యవహారం.

తోటగారూ, మీ అమ్మాయి చూసిందాన్నే డార్విన్ కూడా చూసి బాధపడ్డాడని ఆమెకి చెప్పండి. 1860 మే నెలలో అమెరికా వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రేకి రాసిన ఉత్తరంలో, గొంగళిపురుగుల ఒంట్లో పెరిగి వాటినే తినే కందిరీగల్ని, దయగల దేవుడు కావాలని చేశాడంటే నమ్మలేకపోతున్నానని రాశాడు. ఆ ఉత్తరంలో ఆయన గెలిచినట్టు మాట్లాడలేదు. ఈ విషయం మనిషి బుద్ధికి అందనంత లోతైనదని కూడా ఒప్పుకున్నాడు. తొమ్మిదేళ్ళ ముందు పదేళ్ళ కూతుర్ని పోగొట్టుకున్న తండ్రి ఆయన.

ఖాళీ కాగితం, నీకు విడిగా రాస్తాను బాబూ. సాయంత్రం.


అంతర్వేది | సోమవారం, ఉదయం 8:40

నమస్కారమండీ. మాది వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. నేను నమ్మకస్తుణ్ణి. రోజూ సంధ్య వారుస్తాను. అయినా టీచరమ్మ గారి మాటల్లో నాకు అడ్డమేమీ కనపడలేదు.

సృష్టికి ప్రయోజనం ఉండి తీరాలని మన పెద్దలంతా అనలేదు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఈ ప్రశ్నే వస్తుంది. పరిపూర్ణమైనదానికి ఏ కోరికా ఉండదు, కోరిక లేనిదే ప్రయోజనం ఉండదు, మరి సృష్టి ఎందుకు? దానికి సమాధానం "లోకవత్తు లీలాకైవల్యమ్". లోకంలో ఆట ఎలాగో ఇదీ అలాగే. పిల్లవాడు ఇసకలో గుజ్జనగూడు కడితే "దేనికి కట్టావురా" అని అడగం. ప్రయోజనం లేదన్న మాటకి ఆ గ్రంథం బెదిరిపోలేదు, దాన్ని ఆనందం వైపు తిప్పింది.

దశావతారాల్లో మత్స్యం, కూర్మం, వరాహం, సగం మృగం సగం మనిషి అయిన మా నరసింహస్వామి, ఆ క్రమం చూస్తే పరిణామం మనవాళ్ళకి తెలుసేమో అనిపిస్తుంది నాకు.


మడఅడవి | సోమవారం, మధ్యాహ్నం 1:30

బాబాయిగారూ, లీల మాట నచ్చింది. అవతారాల పోలిక మాత్రం ఒప్పుకోలేను, ఏమనుకోకండి. పరిణామం మెట్లు కాదు, పై మెట్టు మీద మనిషి లేడు.

కాకినాడ పక్కన కోరింగ మడ అడవిలో పడవ మీద వెళ్తే, పోటు తీసి బురద బయటపడ్డాక, మడచెట్ల ఊపిరివేళ్ళ మధ్య గెంతే చేపలు కనిపిస్తాయి. తల మీద ఉబ్బిన కళ్ళు, రెండు రెక్కల మీద మోచేతులాన్చినట్టు నిలబడతాయి. చర్మం తడిగా ఉన్నంతసేపు దాంతో కూడా ఊపిరి పీల్చుకుంటాయి. చూసినవాళ్ళంతా "ఇది కప్ప అవుతుందా? ఎప్పటికైనా మనిషవుతుందా?" అని అడుగుతారు. అవదండి. అది దేనికో సగం కాదు. ఆ బురదలో అదే పూర్తి. కొన్ని రకాల మడచెట్ల విత్తనం తల్లిచెట్టు మీదే మొలకెత్తి, బారుగా వేలాడి, ఈటెలా బురదలో దిగుతుంది. అదీ ఏదో కావడానికి చేసే ప్రయత్నం కాదు.

అర్థం అంటే ఎక్కడికో చేరడం అనుకుంటే మాత్రం మనకి ఎప్పటికీ దొరకదు.


పచ్చబోర్డు | సోమవారం, సాయంత్రం 6:50

ఖాళీ కాగితం, "అర్థం కాదు, అవసరం" అన్నావు. నువ్వన్నది సగం ఒప్పుకుంటాను. అవసరమే మొదలు. రాయికి ఏదీ ఎక్కువా కాదు తక్కువా కాదు. ఆకలి ఉన్న ప్రాణి పుట్టిన రోజున లోకంలో మొదటిసారి ఒకటి మంచిదీ ఇంకొకటి చెడ్డదీ అయింది. అది ఎవరూ పెట్టలేదు, నిజమే. ఎవరూ పెట్టలేదు కాబట్టి లేదని ఎలా అంటావు? ఈ డెల్టా నేల ఎవరు పెట్టారు? కొన్ని వేల ఏళ్ళుగా గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు. ఏటికి ఆలోచన లేదు. మనం దీని మీద నిలబడి లేమా?


ఖాళీ_కాగితం | మంగళవారం, రాత్రి 1:10

మేడం, నేల పోలిక కుదరదు. నేల ఉందో లేదో కాలు పెట్టి చూడొచ్చు. అర్థాన్ని కాలు పెట్టి చూడలేం.

ప్రేమ సంగతే తీసుకోండి. తోబుట్టువుతో సగం జన్యువులు ఉమ్మడి, పెదనాన్న పిల్లలతో ఎనిమిదో వంతు. దగ్గరవాళ్ళకి సాయం చేసే జన్యువు నిలిచింది, చేయనిది పోయింది. మనం దానికి అనురాగం అని పేరు పెట్టుకున్నాం. ఒక సోదరుడి కోసం చావను గానీ ఇద్దరు సోదరుల కోసమో ఎనిమిది మంది కజిన్ల కోసమో చస్తాను అని ఓ శాస్త్రవేత్త అన్నాడట. లెక్క తెలిశాక పదానికి బరువెక్కడుంది? అమ్మ నా కోసం ఏడ్చినా అది లెక్కే అని తెలిశాక నాకు ఏమీ అనిపించడం లేదు. ఇది వాదన కోసం రాయడం లేదు.


జగన్నాథపురం | మంగళవారం, రాత్రి 9:30

నేను డాక్టర్ని, కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో చదువుకున్నాను. తమ్ముడు ఆ ఎనిమిది మంది కజిన్ల మాట ఎత్తాడు కాబట్టి చెప్పాలి. ఆ మాట జె.బి.ఎస్. హాల్డేన్‌ది. ఆయన ఎముకలు మా కాలేజీలో ఉన్నాయి.

చాలామందికి తెలియని సంగతి ఇది. హాల్డేన్ 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టాడు. ప్రకృతి వరణానికి, అంటే టీచరు గారు చెప్పిన ఏది నిలుస్తుంది ఏది పోతుంది అన్నదానికి, గణితం సమకూర్చిన ముగ్గురిలో ఒకడు, మిగతా ఇద్దరూ ఫిషర్, సీవాల్ రైట్. ఒక లక్షణం వల్ల నూటికి ఒక పాలు మేలు జరిగితే అది ఎన్ని తరాల్లో జాతంతా పాకుతుందో లెక్క కట్టినవాడు. పరిణామం ఎంత గుడ్డిదో ఆయన కంటే దగ్గరగా చూసినవాళ్ళు తక్కువ. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చాడు, భారత పౌరసత్వం తీసుకున్నాడు, తర్వాత భువనేశ్వర్‌లో స్థిరపడ్డాడు. మన పిఠాపురానికి చెందిన కృష్ణ ద్రోణంరాజు ఆయన శిష్యుడు. ఆంధ్ర ప్రాంతంలో మేనరికాల మీద పరిశోధన చేసినవారు. (మేనరికాలున్న మన ఇళ్ళలో ఆ ఎనిమిదో వంతు లెక్క ఎలా మారిపోతుందో ఆలోచించండి, కూర్చుంటే తెల్లారిపోతుంది.)

1964 డిసెంబర్ 1న క్యాన్సర్‌తో పోయాడు. తన శరీరాన్ని కాకినాడ వైద్య కళాశాలకి ఇవ్వాలని రాసి పెట్టాడు. చనిపోయాక తాను ఉన్నా లేకపోయినా ఆ శరీరంతో తనకి పని ఉండదు, ఇతరులకి ఉపయోగపడాలి అన్నది ఆయన కోరిక.

నేను మొదటి సంవత్సరంలో ఆ ఎముకల ముందు నిలబడ్డాను. తొడ ఎముక పొడుగ్గా ఉంటుంది, భారీ మనిషి. ఫార్మలిన్ వాసనకి కళ్ళు మండుతున్నాయి, అయినా కదలబుద్ధి కాలేదు. లెక్క ప్రకారం చూడు తమ్ముడూ. కాకినాడ పిల్లలకీ ఆయనకీ ఉమ్మడిగా ఉన్న రక్తసంబంధం ఎంత? ఎనిమిదో వంతు కాదు, ఎనభయ్యో వంతూ కాదు. మనసు ఎలా పుట్టిందో చెప్పే లెక్క, పుట్టాక ఆ మనసు ఎవరి దాకా వెళ్ళగలదో చెప్పదు. లెక్క కట్టినవాడే లెక్క దాటాడు.

ఇంకో మనిషి సంగతి. యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆ జబ్బుకి కళ్ళు లేవు. తర్వాత ఆయన అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి, ప్రతి జీవకణం శక్తికి వాడుకునే ఏటీపీని వెలికి తీశారు. ఆపైన లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. స్ప్రూకి పనిచేసే మందు అది. ఆకుకూరలో ఎప్పట్నుంచో ఉన్న పదార్థమే. దాని వెనక ఏ ఉద్దేశమూ లేదు. అన్నదమ్ములు పోయిన మనిషి చేతిలో దానికి ఉద్దేశం వచ్చింది. ఇవాళ నా దగ్గరికొచ్చే ప్రతి గర్భిణికీ ఆ మాత్ర రాస్తాను.


గౌతమి_పాయ | మంగళవారం, రాత్రి 11:15

నేను ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. రొయ్యలచెరువు అన్నయ్య "తర్వాత నిద్ర పట్టింది" అన్న మాట చూసి రాస్తున్నాను.

మాది ఐ.పోలవరం వైపు. 1996 నవంబర్ 6 తుఫాను రాత్రి నాకు పదకొండేళ్ళు. వెయ్యి మందికి పైగా పోయిన తుఫాను అది. వేటకెళ్ళిన పడవలు చాలా తిరిగి రాలేదు. మా అన్నయ్య మాత్రం సముద్రం మీదికి వెళ్ళలేదు. పాకలో కట్టేసిన దూడ అరుస్తుంటే తాడు విప్పి వస్తానని వెళ్ళాడు. గోడ పడింది. తెల్లారాక కొబ్బరిచెట్లు చూస్తే తలల్ని ఎవరో పట్టుకుని మెలిపెట్టినట్టున్నాయి. దూడ బతికింది.

ఆ తర్వాత మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ కారణం చెప్పారు. మా అమ్మ నోము మధ్యలో ఆపేసిందన్నారు. పూర్వజన్మ అన్నారు. దేవుడికి మంచివాళ్ళే కావాలన్నారు. మా అమ్మ వాటన్నిటినీ నమ్మింది, అన్నిటికీ తనే బాధ్యురాలైంది. నోము ఎందుకు ఆపానా అని చివరిదాకా ఏడ్చింది.

తొమ్మిదో తరగతిలో మా సోషల్ మాస్టారు బంగాళాఖాతంలో తుఫాను ఎలా పుడుతుందో బోర్డు మీద గీశారు. వెచ్చటి నీళ్ళు, పైకి లేచే ఆవిరి, భూమి తిరగడం వల్ల వచ్చే సుడి. ఆ సుడి మధ్యలో "కన్ను" అని రాశారు. నేను లేచి అడిగాను, "దానికి కనపడుతుందా మాస్టారూ?" అని. ఆయనకి మా ఇంటి సంగతి తెలుసు. సుద్దముక్క కింద పెట్టి, "లేదమ్మా, పేరే కన్ను, దానికి ఏదీ కనపడదు" అన్నారు. నాకు ఆ రోజు ఎంత తేలికయిందో! అన్నయ్యని ఎవరూ ఎంచుకోలేదు. మా అమ్మ తప్పు లేదు. ఇంటికెళ్ళి చెప్పాను, ఆవిడ వినలేదు, అది వేరే సంగతి.

"ఎవరూ చూడటం లేదు" అన్న మాటని మీరంతా భయంలా మాట్లాడుతున్నారు. నాకు దాంతోనే ఊపిరి వచ్చింది.

ఆ మూడో రోజున ఎవరో పడవ మీద వచ్చారు. మా ఊరివాళ్ళు కాదు, మా కులం కాదు, మళ్ళీ ఎప్పుడూ కనపడలేదు. పులిహోర పొట్లాలు ఇచ్చి, దుంగలు తప్పించి, పోయినవాళ్ళని బయటికి తీశారు. అన్నయ్య మొహం మీద బురదని ఒకాయన తన తువ్వాలుతో తుడిచాక గానీ అమ్మకి చూపించలేదు. ఆ తుడవడం ఏ లెక్కలో వస్తుందో ఖాళీ కాగితం తమ్ముడు చెప్పాలి.


ఖాళీ_కాగితం | బుధవారం, తెల్లవారుజాము 3:40

అక్కా, చెప్పలేను.

పుస్తకాల్లో సమాధానాలున్నాయి. గుంపులో మంచిపేరు, రేపు మనకీ సాయం అందుతుందన్న ఆశ, అలాంటివి. టైప్ చేసి కొట్టేశాను. ఆ తువ్వాలు మీద అవేవీ రాయలేకపోయాను.

ఉద్యోగం పోయి ఏడు నెలలైంది. బెంగళూరులో గదిలోనే ఉంటున్నాను. ఇంట్లో చెప్పలేదు. రాత్రిళ్ళు ఇవే చదువుతుంటాను. నిజం తెలిసిపోయింది కాబట్టి ఇలా అయిపోయానని అనుకుంటున్నాను. లేకపోతే ఇలా అయిపోయాను కాబట్టి ఇదే నిజంలా కనిపిస్తోందేమో. తేడా తెలియడం లేదు.


పచ్చబోర్డు | బుధవారం, ఉదయం 5:05

బాబూ, ఇప్పుడే చూశాను. వాదన తర్వాత చూసుకుందాం, ఎక్కడికీ పోదు. రాత్రి అన్నం తిన్నావా? నా నంబరు సందేశంలో పెట్టాను, లేవగానే చెయ్యి. డాక్టరు గారూ, మీరూ ఒకసారి మాట్లాడండి.


జగన్నాథపురం | బుధవారం, ఉదయం 5:40

మాట్లాడానండి. అరగంట సేపు. నిద్ర లేకపోవడం ఇప్పుడు అసలు జబ్బు, దానికి మందు ఉంది. అక్కడ మానసిక వైద్యం చేసే నా క్లాస్‌మేట్ దగ్గరికి ఇవాళే వెళ్తానన్నాడు. మిగతాది తన అనుమతి లేకుండా రాయను.


రొయ్యలచెరువు | బుధవారం, ఉదయం 6:20

తమ్ముడూ, డాక్టరు గారు చెప్పింది చూసుకో. తర్వాత మా చెరువు కాడికి వచ్చేయ్. ఊరికే రమ్మనడం లేదు, నాకు మనిషి కావాలి. తెల్లవారుజామున మూడు నాలుగు మధ్య నీళ్ళలో ఆక్సిజన్ పడిపోద్ది. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రిపూట తినేస్తది. కరెంటు పోతే నిమిషాల్లో జనరేటర్ వెయ్యాలి. నువ్వెలాగూ ఆ టైముకి మేలుకునే ఉంటున్నావు కదా. అమ్మకి మాత్రం ఫోన్ చేసి రా.


అంతర్వేది | బుధవారం, ఉదయం 9:00

గౌతమి అమ్మా, మీ మాట చదివాక నేను నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. చావు ఇంటికి వెళ్ళి "కర్మ" అనడం నేనూ చేశాను, ఒకసారి కాదు. ఓదార్చాననుకున్నాను. నా నమ్మకం నాకుంది. కానీ ఆ మాట ఇక ఏ తల్లితోనూ అనను.


కొబ్బరితోట | శనివారం, రాత్రి 8:15

అందరి మాటలూ మా అమ్మాయికి చదివి వినిపించాను. అరుగు మీద కూర్చుని విన్నది. టీచరు గారి వరి దగ్గర తల ఊపింది, లీల దగ్గర ఊరుకుంది. గౌతమి గారిది చదవలేకపోయాను, ఫోన్ తీసుకుని తనే చదువుకుంది.

ఇవాళ మధ్యాహ్నం నాన్న పెట్టె తీశాం. తోట పుస్తకం ఉంది. ఒక్కో దింపుకి ఎన్ని కాయలు, ఏ చెట్టుకి కొమ్ముపురుగు, ఎప్పుడు బదనికలు వదిలింది, అన్నీ రాసుకున్నాడు. ఆ రాతల మధ్య ఒక పేజీలో మా అమ్మాయి పుట్టిన తేదీ, టైము, బరువు. దాని కిందే "ఉత్తరపు వరస మూడో చెట్టు, గెల వేసింది". అదే కలం, అదే సైజు అక్షరాలు. మా అమ్మాయి ఆ పేజీ మీద వేలు పెట్టి చాలాసేపు ఉంది.

"తాతయ్యకి నేనూ ఆ చెట్టూ ఒకే రోజు కనిపించామన్నమాట" అంది.

నేను అడిగాను, నీ ప్రశ్నకి సమాధానం దొరికిందా అని. లేదంది. పరిణామానికి తాతయ్య ఎవరో తెలియదు, ఆ మాట ఇప్పటికీ నిజమే అంది. "కానీ నాన్నా, పరిణామాన్ని ఎందుకు అడిగాను? తాతయ్యని ఎరిగినవాళ్ళని కదా అడగాలి" అని లోపలికెళ్ళి నాయనమ్మ పక్కన కూర్చుంది. పెళ్ళి నాటి నుంచి చెప్పమంది. ఇంకా చెబుతూనే ఉంది మా అమ్మ, వంటింట్లోంచి వినిపిస్తోంది.

మొదట వదిలిన బదనికల పిల్లలు ఇంకో వారంలో రెక్కలతో వస్తాయి. అప్పటిదాకా ఉంటాను. డాక్టరు గారూ, మా అమ్మాయికి హాల్డేన్ ఎముకలు చూడాలని ఉంది. బయటివాళ్ళని రానిస్తారా? ఎవరిని అడగాలి?


జగన్నాథపురం | శనివారం, రాత్రి 9:02

అనాటమీ విభాగంలో ముందుగా అడిగి అనుమతి తీసుకుందాం. నేను కూడా వస్తాను. నేనూ చూసి చాలా ఏళ్ళయింది.


రొయ్యలచెరువు | తర్వాతి గురువారం, ఉదయం 7:30

టీచరు గారూ, డాక్టరు గారూ, తమ్ముడు నిన్న రాత్రి బండికి భీమవరంలో దిగాడండి. మందులు వేసుకుంటున్నాడు. అమ్మగారితో మాట్లాడాడు, ఆవిడ ఆదివారం వస్తున్నారు. రాత్రి రెండు దాకా గట్టు మీద నాతో వాదించాడు, తర్వాత షెడ్డులో పడుకుండిపోయాడు. కరెంటు పోయినా లేపలేదు, జనరేటర్ నేనే వేశాను. పొద్దున్న చెక్‌ట్రే తనే ఎత్తాడు. మేత మొత్తం తినేశాయి.